సిగ్నె గౌను

ఐలర్ట్ ఏడో గూటి ముందు వంగి, గౌను అంచు మోకాళ్ళ కిందికి సర్దుకుని చిన్నగా దగ్గాడు. దగ్గు వచ్చి కాదు. ప్రతి గూటి ముందూ అతని భార్య సిగ్నె అలా దగ్గేది. నేనే వచ్చాను, కంగారు పడకు అని బాతుకు చెప్పడమన్నమాట. రాళ్ళూ పలకలూ పేర్చి కట్టిన గూట్లో, ఎండునాచు మీద, తన రొమ్మునుంచి పీక్కున్న నూగులో మునిగి కూర్చున్న సముద్రపు బాతు అతణ్ణి ఒక కంటితో చూసి ఊరుకుంది. అతను సిగ్నె తీసే కూనిరాగమే తీస్తూ ఎనిమిదో గూటికి నడిచాడు.

డెబ్భై రెండేళ్ళ మనిషి. తెల్లగడ్డం, వలలు లాగి కాయలు కాచిన చేతులు. ఒంటిమీద భార్య గోధుమరంగు ఊలు గౌను, నెత్తికి ఆమె తలగుడ్డ. చూసేవాళ్ళకు నవ్వొస్తే రానీ. నలభై ఏళ్ళుగా ఈ బాతులు ఎరిగిన మనిషి సిగ్నె ఒక్కతే. అతను చేపల వేటలో ఉంటే, ఆమె ఏటా ఈ అడవి పక్షులకు ఇళ్ళు కట్టి కాపురం పెట్టించేది. పిల్లలతో సముద్రంలోకి దిగుతూ అవి వదిలిపోయే నూగే ఆమెకు అద్దె; దుప్పట్లలో నింపేవాళ్ళకు దాన్ని అమ్మేది. రోజంతా వాటితో కబుర్లు చెప్పి, సాయంత్రానికి మొగుడితో మాట్లాడే ఓపిక లేదనేది. పెళ్ళయిన కొత్తలో అతనికి బాతులంటే ఒళ్ళు మండేది.

మేనెలలో గుండెజబ్బుతో ఆసుపత్రికి వెళ్తూ ఆమె ఒకటే అడిగింది, ఒక్కటీ బెదిరి లేవకుండా చూడమని. బెదిరిన బాతు గుడ్లు వదిలేస్తుంది, మళ్ళీ ఆ లంక ముఖం చూడదు. పక్క లంకలు మూడూ అలాగే ఖాళీ అయ్యాయి. అతను ప్యాంటుతో వెళ్ళిన మొదటిరోజే నాలుగు లేచిపోయాయి. మర్నాడు గౌను తొడుక్కున్నాడు. ఇంకా ముప్ఫై తొమ్మిది ఉన్నాయి, పది రోజుల్లో గుడ్లు పిల్లలవుతాయి.

ఎండుచేప, బంగాళాదుంపలు తిని కాఫీ పోసుకున్నాడు. పంటికింద చక్కెర బిళ్ళ పెట్టుకుని సిగ్నె చప్పరించే చప్పుడు లేక ఆ కాఫీ కాఫీలా లేదు.

అప్పుడు తెడ్ల చప్పుడు వినిపించింది. హాల్వర్, సిగ్నె తమ్ముడు. మోటారు దూరంలోనే ఆపి తెడ్లు వేసుకుంటూ వస్తాడు. కానీ వచ్చేది శనివారాలు, ఇవాళ బుధవారం. వచ్చినప్పుడల్లా గుసగుసగా అదే వేళాకోళం: "అక్కా! మా బావ ఇంట్లో లేడా?"

ఇవాళ అనలేదు. నెత్తిన టోపీ కూడా లేదు.

"బావా," అన్నాడు.

ఐలర్ట్‌కు అర్థమైపోయింది. "ఎప్పుడు?"

"తెల్లారగట్ల. నిద్రలోనే పోయింది."

ఏడుపు తన్నుకొచ్చింది. ఇంటి మెట్టు కిందే రెండు బాతులు పొదుగుతున్నాయి. అతను తలగుడ్డ లాగి నోట్లో కుక్కుకుని గోడవారగా కూలబడ్డాడు. హాల్వర్ పక్కన కూర్చుని వీపు నిమిరాడు.

"రేపే ఖననం. నడు బావా."

"వీటినొదిలి ఎలా వచ్చేదిరా? అది ఒక్కటే కోరింది నన్ను."

హాల్వర్ సముద్రం వైపు చూసి, ముక్కు తుడుచుకున్నాడు. "ఆ గౌను ఇలా ఇయ్యి."

"నీ తోడబుట్టింది గదరా! నువ్వు రాకపోతే ఎలా?"

"తోడబుట్టింది కాబట్టే చెప్తున్నా. ఒక్క బాతు లేచిందంటే శవపేటికలోంచి లేచొచ్చి తిడుతుంది. దాని నోరు నీకు తెలీదూ? ఆ కూనిరాగం మా అమ్మది. అక్కతోపాటే నేనూ నేర్చుకున్నా."

హాల్వర్ లావు మనిషి. వీపు మీద గుండీలు అందలేదు. ఐలర్ట్ వల దారంతో అటూ ఇటూ కట్టి, తలగుడ్డ గడ్డం కింద ముడివేశాడు. తర్వాత తన పెళ్ళినాటి నల్లకోటు తొడుక్కుని, ఇంటి వెనకనుంచి చుట్టూ తిరిగి రేవుకు వెళ్ళాడు.

తెడ్లు నీళ్ళలో మెల్లగా ముంచుతూ లంకనే చూస్తున్నాడు. గోధుమరంగు గౌను మొదటి గూటి ముందు వంగింది. చిన్న దగ్గు. ఏ బాతూ లేవలేదు. అచ్చం సిగ్నెలాగే ఉంది. కన్నీళ్ళు అడ్డుపడి చాలాసేపు ఇంకేమీ కనపడలేదు అతనికి.

పడవలో, ఎదుటి బల్లమీద, హాల్వర్ టోపీ, దారంతా కళ్ళు తుడుచుకున్నట్టు నలిగి తడిసి, బోర్లా పడి ఉంది.