మేనల్లుడి మూడో కోరిక

మేనల్లుడు రావడం కంటే ఏడు తోడేళ్లు రావడం నయమని మావాళ్లంటారు. తోడేలు గొర్రెను ఎత్తుకుపోతే దాన్ని తిట్టుకోవచ్చు, తుపాకీ తీసి వెంటపడవచ్చు. మేనల్లుడు నవ్వుతూ వస్తాడు, టీ తాగుతాడు, నచ్చినదేదో చూపించి పట్టుకుపోతాడు. మేనమామ కాదనకూడదు. మా కజఖుల్లో అక్కచెల్లెళ్ల కొడుక్కి అలా మూడుసార్లు అడిగే హక్కుంది. ఈ పద్ధతి పెట్టిన పెద్దమనిషికి అక్కచెల్లెళ్లు ఉండి ఉండరు.

మా ఆయన సెయిల్బెక్‌కి ఒక్కతే అక్క, ఆవిడకి ఒక్కడే కొడుకు యెర్జాత్. కుర్రతనంలో మొదటి కోరికగా మా మామగారి వెండి జీను పట్టుకుపోయాడు. పెళ్లయ్యాక రెండోది, పాలిచ్చే బూడిదరంగు ఆడగుర్రం. మూడోది మిగిలింది. బంగాళాదుంపలు తవ్వుతున్న రోజుల్లో ఫోన్ చేసి, ఆదివారం వస్తున్నా అత్తా, మామని ఒకటి అడగాలి, ఫోన్లో చెప్పేది కాదులే అన్నాడు. ఫోన్ పెట్టేసి నేను పొయ్యి పక్కన పడుకున్న లాషిన్ వైపు చూశాను.

లాషిన్ మా వేటకుక్క. గొర్రెలు కాసే కుక్కలు వాకిట్లో ఉంటాయి గానీ తాజీ జాతి కుక్కకి ఇంట్లో చోటిస్తాం. సన్నటి నడుము, పొడుగాటి కాళ్లు, పట్టుకుచ్చులు వేలాడినట్టుండే చెవులు. వేసవిలో వచ్చినప్పుడు యెర్జాత్ దాని తల ఒళ్లో పెట్టుకుని, మొదటి మంచు పడ్డాక దీన్ని కుందేలు మీద వదిలితే చూడాలి అన్నాడు. వాడి కన్ను దీని మీద పడిందని అప్పుడే తెలిసిపోయింది. మాకు పిల్లలు కలగలేదు. దాని గురించి ఏడవడం ఎప్పుడో మానేశాం. ఇంట్లో మా ఇద్దరితో పాటు ఊపిరి పీల్చేది లాషిన్ ఒక్కతే, అది లేని ఇల్లు ఎలా ఉంటుందో నేను ఊహించుకోదలచుకోలేదు.

పైగా అది నా కుక్క. నోటిమాటగా అనడం లేదు. పక్కూరి వేటగాడి దగ్గర కుక్కపిల్లగా ఉన్న దీన్ని చూసి మా ఆయన మనసు పారేసుకున్నాడు. ఆ వేటగాడు ఏమిచ్చినా అమ్మనన్నాడు. వాడి పెళ్లాం మాత్రం నా చేతికున్న వెండి కడియాల మీద కన్నేసింది. మా అమ్మ నాకు పెళ్లిలో పెట్టిన జత అది. అక్కడికక్కడే తీసి ఇచ్చి కుక్కపిల్లను కోటులో చుట్టుకుని తెచ్చాను. మేనల్లుడి హక్కు మేనమామ సొత్తు మీదే గానీ మేనమామ పెళ్లాం పుట్టింటి సొత్తు మీద కాదు. ఆ ఒక్క మాట అంటే యెర్జాత్ నోరు మూతపడుతుంది.

ఆ సాయంత్రం మా ఆయనతో ఆ సంగతే చెప్పాను. ఆయన బంగాళాదుంపల బస్తా నేలమాళిగలోకి దించుతూ ఆగాడు. ఆదివారం ఆ మాట అనొద్దు అన్నాడు. ఎందుకనొద్దని అడిగితే, వినపడనట్టు బస్తా ఎత్తుకుని మెట్లు దిగిపోయాడు.

పరువు కోసమనుకున్నాను. ఊళ్లో నలుగురూ ఏమంటారో, అక్క ఏమనుకుంటుందో అని బాధపడుతున్నాడనుకుని జాలిపడ్డాను కూడా. ఆ వారమంతా చలికాలం పనులతో ఇద్దరికీ తీరిక లేదు. బొగ్గు షెడ్డులోకి చేర్చాం, గడ్డివామి మీద పరదా కట్టాం, కిటికీ సందుల్లో దూది కుక్కి కాగితాలు అంటించాం. పని చేసినంతసేపూ నేను లోలోపల కుతకుత ఉడుకుతూనే ఉన్నాను. లాషిన్‌కి ఇవేం తెలుసు. బొగ్గు కుప్ప చుట్టూ తిరిగి ఒళ్లంతా నల్లగా చేసుకొచ్చి, నేను తిడితే తోక ఊపింది. ఎక్కువ తిట్టలేకపోయాను.

శుక్రవారం పొద్దున పశువులకి నీళ్లు పెట్టి వస్తుంటే వాకిట్లో ఈలపాట వినిపించింది. మా ఆయన లాషిన్‌ని ముందు నిలబెట్టుకుని చెవుల జుట్టు దువ్వుతున్నాడు. గోళ్లు కత్తిరించాడు. కొత్త తోలుపట్టీ కూడా తెచ్చాడు. ఇంట్లోంచి పోబోయే దాన్ని చూసి ఏడవాల్సిన మనిషి, పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్నట్టు ఈల వేసుకుంటున్నాడు. నేను చేతిలో బకెట్టు కింద పెట్టాను.

"ఏమయ్యా, నీకు వాడు రావాలని ఉందా?" అన్నాను.

ఆయన దువ్వెన ఎడంచేతిలోకి మార్చుకుని కుడిచెయ్యి నా ముందు చాపాడు. అది వణుకుతోంది.

ఆ చెయ్యి పోయిన చలికాలం నుంచి వణుకుతోంది. ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడే ఎక్కువ. బొటనవేలు చూపుడువేలి మీద పిండి ఉండ చుడుతున్నట్టు ఆగకుండా కదులుతుంది. జిల్లా ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, ఇది నరాల జబ్బులా ఉంది, ఆల్మాతీ నగరంలో పెద్ద డాక్టరుకి చూపించండి, మందులున్నాయి, ఆలస్యం చేస్తే ముదురుతుంది అంది. ఈయన బయటికొచ్చి టోపీ పెట్టుకుని, ఆ మందులు మనకి పనిచెయ్యవులే అన్నాడు. అప్పట్నుంచి నేను బతిమాలాను, తిట్టాను, ఒకసారి బస్సు దాకా లాక్కెళ్లాను. ఎక్కలేదు.

ఎందుకెక్కలేదో నాకు తెలుసు. మేనల్లుణ్ణి కొట్టిన చెయ్యి వణుకుతుందని మావాళ్ల నమ్మకం. ఈయన కొట్టాడు. యెర్జాత్ చిన్నప్పుడు సెలవులకొచ్చి, చెమటలు కక్కుతున్న గుర్రాన్ని తిన్నగా వాగులోకి దింపి కడుపునిండా నీళ్లు తాగించాడు. దాని కాళ్లు బిగుసుకుపోయాయి, మళ్లీ పరిగెత్తలేదు. ఈయన వాడి చెంప మీద ఒక్కటిచ్చాడు. ఆ ఒక్కదానికి ఇన్నేళ్లకి శిక్ష పడిందని ఈయన గట్టి నమ్మకం. మరి ఇన్నేళ్లూ చెయ్యి ఎందుకు ఊరుకుందయ్యా అంటే, దేవుడికి తొందరేముంది అంటాడు. ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం.

"వాడడిగింది మనస్ఫూర్తిగా ఇస్తే వాడి మనసు చల్లబడుద్ది బల్జాన్," అన్నాడు ఆ శుక్రవారం. "వాడి మనసు చల్లబడితే..."

చేతిని జేబులో పెట్టుకున్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. డాక్టరు మందు మింగవు గానీ నా కుక్కని మందుగా వాడతావా అని అడిగాను. ఇంకా చాలా అన్నాను, వాళ్లక్కను కూడా కలిపి అన్నాను. ఆయన ఎడంచేత్తో మళ్లీ దువ్వసాగాడు. ఎదురు చెప్పకపోతే నాకు ఇంకా కోపం. ఆదివారం అందరి ముందూ నా కడియాల మాట అనేస్తాను, నీ పరువు ఏమైపోయినా సరేనని చెప్పి ఇంట్లోకి వచ్చేశాను. అన్నం వేళ లాషిన్ ఆయన మోకాలి దగ్గర కాసేపు, నా మోకాలి దగ్గర కాసేపు కూర్చుని, ఎవరూ ముక్క వెయ్యకపోతే పోయి పడుకుంది.

ఆదివారం మధ్యాహ్నానికి యెర్జాత్ జీపు వాకిట్లో ఆగింది. మనిషి చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి. అత్తకి శాలువా, మామకి తేనె తెచ్చాడు. నేను పొద్దున్నే మాంసం ఉడకబెట్టి, పిండి రేకులు వేసి పళ్లెం నింపాను. కోపం ఉన్నా చుట్టాన్ని పస్తు పెట్టేంత దరిద్రం మా ఇంటికి రాలేదు. మా ఆయన గొర్రె తల ముక్కలు కోసి పంచాల్సింది, కత్తి మేనల్లుడి చేతికే ఇచ్చి నువ్వు కొయ్యి నాయనా అన్నాడు. వాడు మర్యాద అనుకుని మురిసిపోయాడు. చెయ్యి కనపడకుండా ఉండటానికని నాకు తెలుసు.

తినడం అయ్యాక టీ పోశాను. నా నాలుక చివర ఆ ఒక్క మాటా సిద్ధంగా ఉంది. కడియాలు మా అమ్మవి, కుక్క నాది, నీ మూడో కోరిక ఇంకో దాని మీద పెట్టుకో నాయనా. వారం రోజులుగా బొగ్గు మోస్తూ, దుంపలు ఏరుతూ అదే మాట నూరుకున్నాను.

యెర్జాత్ గొంతు సవరించుకున్నాడు. "మామా, నా మూడోది మిగిలిపోయింది. లాషిన్‌ని ఇస్తావా? మా పెద్దోడు మారాం చేస్తన్నాడు, చలికాలం వాడికి వేట నేర్పుదామని."

"నీదే," అన్నాడు మా ఆయన. ఒక్క క్షణం కూడా ఆగలేదు. తర్వాత తలెత్తి నావైపు చూశాడు.

నేను ఆ మాట అనడానికే నోరు తెరిచాను. ఆయన కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. మొహంలో బతిమాలడం లేదు, భయం లేదు. పండగ రోజు పొద్దున్నే లేచి కొత్తబట్టల కోసం కూర్చున్న పిల్లాడి మొహం అది. పోయిన చలికాలం నుంచి ఆ మనిషి మొహంలో అంత ఆశ నేను చూడలేదు. ఇప్పుడు కుక్క ఉండిపోతే, ఆ చెయ్యి వణికినన్నాళ్లూ ఈయన నన్నేమీ అనడు. అనకుండానే, నయమయ్యేదే, నా పెళ్లాం అడ్డుపడింది అనుకుంటూ బతుకుతాడు.

"అత్తా, నీకు ఇష్టమేనా?" అన్నాడు యెర్జాత్.

"మీ మామ మాటే నా మాట," అన్నాను.

వాకిట్లోకి వచ్చాం. లాషిన్‌కి జీపంటే వేటే. డోరు తీయగానే ఎవరూ చెప్పకుండా ఎగిరి ఎక్కి, వెనక సీట్లో నిలబడి మేమిద్దరం కూడా ఎక్కుతామని చూసింది. ఇంట్లోంచి జీవాన్ని పంపేటప్పుడు ఇంటి కలిమి దానితో పోకుండా మూతి తడి తుడుచుకుంటాం. నా గౌను అంచుతో దాని మూతి తుడిచాను. అది నా చెయ్యి నాకింది. నేను డోరు వేసేశాను, ఇంకొంచెంసేపు ఉంటే వెయ్యలేనని.

మా ఆయన యెర్జాత్ భుజం పట్టుకున్నాడు. "నాయనా, ఆ రోజు నిన్ను కొట్టాను. మనసులో పెట్టుకోకు."

యెర్జాత్ అయోమయంగా చూశాడు. "నన్నా? ఎప్పుడు మామా?"

"ఆ గుర్రం సంగతప్పుడు. వాగు దగ్గర."

"గుర్రం గుర్తుంది," అన్నాడు వాడు. "నువ్వు కొట్టడం గుర్తులేదు మామా. నన్ను కొట్టింది మా నాన్నే, అది కూడా నెలకోసారి. ఆ సాయంత్రం నువ్వు పాకలో గుర్రం పక్కన కూర్చుని ఏడ్చావు. నేను తలుపు సందులోంచి చూశా. అదే గుర్తుంది."

మా ఆయన వాడి భుజం మీద నుంచి చెయ్యి తీశాడు. జీపు మలుపు తిరిగే దాకా వెనక అద్దంలో లాషిన్ తల కనిపించింది.

సాయంత్రం టీ పోశాను. ఆయన కుడిచెయ్యి తెచ్చి భోజనానికి పరిచే దస్తర్‌ఖాన్ గుడ్డ మీద, రొట్టె పక్కన పెట్టాడు. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. పొయ్యిలో బొగ్గు సర్దుకుంటున్న చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేం లేదు. ఈ నమ్మకాన్ని నోరారా వెక్కిరించినదాన్ని, ఆ క్షణంలో ఆగు, ఆగు అని ఆ చేతినే వేడుకుంటున్నాను. కాసేపు ఆగినట్టే అనిపించింది. తర్వాత బొటనవేలు కదిలింది. ఆయన చేతిని మెల్లగా ఒళ్లోకి తీసుకుని, టీ ఎడంచేత్తో తాగాడు.

ఆ తర్వాతి రోజుల్లో ఆయన పాకలోకి పోయి ఒంటరిగా చేతిని చూసుకునేవాడు. నేను గోడ వారనుంచి ఆయన్ని చూసేదాన్ని. రెండుసార్లు అలవాటుకొద్దీ లాషిన్‌కని ఎముక పక్కన పెట్టి, వాకిట్లో కుక్కలకి పారేశాను.

మొదటి మంచు పడిన రోజు ఆయన కిటికీ దగ్గర నిలబడ్డాడు. పొలమంతా తెల్లగా ఉంది. కుందేళ్ల అడుగులు కంచె దాకా వచ్చి వెనక్కి పోయాయి. నేను పిండి పిసుకుతున్నాను.

"నువ్వెందుకు ఆపలేదే?" అన్నాడు నావైపు తిరగకుండా. "అది నీ కుక్క. నీ కడియాల మాట ఒక్కటంటే వాడు వదిలేసి పోయేవాడు. నువ్వు నమ్మవు కదా ఇవన్నీ."

దీనికి తగిన జవాబులు నా దగ్గర ఎన్నో ఉన్నాయి, వారానికి సరిపడా దాచుకున్నాను. అవన్నీ పక్కన పెట్టాను.

"తగ్గుద్దేమోనని నేనూ అనుకున్నానయ్యా," అన్నాను.

ఆయన వెనక చేతులు కట్టుకుని, వణికే చేతిని రెండోదానితో పట్టుకున్నాడు. నేను పిండి చేతులు కడుక్కోకుండానే వెళ్లి పక్కన నిలబడ్డాను. మొహం చూడలేదు, చూస్తే ఆయనకి ఇష్టముండదు.

కాసేపటికి, రేపు ఆల్మాతీ బస్సు ఎన్నింటికని అడిగాడు.