పిన్ను లాకు

హెడ్డు నట్లు ఊడదీసి కిరోసిన్ డబ్బాలో పడేశాక, గొణుగుడు మేస్త్రి స్కూటరు పక్కన గోనెపట్టా మీద చతికిలబడి సిలిండరును రెండు చేతులా లాగాడు. అది మొరాయించింది. చెక్కసుత్తితో పక్కల మీద తట్టి, బుజ్జగించి లాగితే పిస్టనును వదిలి బయటికొచ్చింది.

నిజానికి అతను గొణిగే మనిషి కాదు. పిస్టను పిన్ను జారకుండా రెండు కొసలా పెట్టే తీగ లాకులు గోరంత ఉంటాయి. ఎక్కడ పెట్టినా పోతాయని పెదాల మధ్య పట్టుకుంటాడు. పనిలో ఉండగా ఎవరు పలకరించినా ఆ సందులోంచే జవాబు. అందుకని వీధి ఆ పేరు పెట్టింది. పోయిన భార్య కూడా అలాగే పిలిచి నవ్వేది.

"నూనె కలపడం మర్చిపోయుంటాను కదూ బావా?" స్టూలు మీద కూర్చున్న టైలరు అడిగాడు. ఆ స్కూటరు అతనిదే. "మీ చెల్లెలు వారం నుంచీ నన్ను ఉతికి ఆరేస్తోంది. పెట్రోల్లో నూనె పొయ్యడం కూడా చేతకాదా అని."

వారం కిందట నడిరోడ్డు మీద ఇంజను పట్టేసి, చక్రం బిగుసుకుపోయి, మొగుడూ పెళ్ళాలిద్దరూ పడ్డారు. అతనికి గీరుకుపోయింది. ఆమెకు కుడి మణికట్టు విరిగింది. ఆ చెయ్యి కాజాలు కుడితేనే దుకాణంలో చొక్కా పూర్తయ్యేది.

మేస్త్రి సిలిండరును వెలుతురుకేసి తిప్పాడు. నూనె లేక పట్టేస్తే గోడంతా గీరుకుపోతుంది. ఇక్కడ పిన్ను ఉన్న వైపు ఒకే గాడి, నాగటిచాలులా; పిన్ను పక్కకి జారి గీసింది. పిస్టనుకు ఒక పక్క లాకు ఉంది, రెండో పక్క లేదు. విరిగి రాలిందేమోనని లోపలంతా వెదికాడు. ముక్క కూడా దొరకలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. కిందటి నెల ఇదే సిలిండరు అరిగిపోతే లేతు షాపులో లోపలి గోడ చెక్కించి, బోరు చేయించి, కొత్త పిస్టను ఎక్కిస్తుండగా టైలరు టీ పట్టుకొచ్చాడు. టీ తాగడానికని నోట్లో మిగిలిన లాకు తీసి... చెయ్యి దానంతటదే ఖాకీ చొక్కా జేబులోకి పోయింది. అడుగు మడతలో సన్నగా, గట్టిగా ఏదో తగిలింది. ఎన్నిసార్లు ఉతికినా జారలేదు. టైలరు రెండు వరసల కుట్టు వేసిన జేబు అది.

"ఏంటి బావా, తేలు కుట్టిందా?"

"ఏం లేదు."

తేలు కుట్టిన దొంగ ఇంకేమంటాడు? 'నీ తప్పేం లేదు బావా' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. టైలరు లేచి, పాపం, అతనికే టీ తెస్తానని వెళ్ళాడు.

మళ్ళీ బోరుకు పట్టుకెళితే, లేతు షాపాయన సిలిండరు చూసి పెదవి విరిచాడు. "మొన్నేగా బోరు కొట్టాం? నూనె పొయ్యలేదా ఆ మహానుభావుడు?"

మేస్త్రి తలూపాడు. ఊపినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం ఒక సైజు పెద్ద పిస్టను తెచ్చి, దాని మీది బాణం గుర్తు సైలెన్సరు వైపుకు పెట్టి, పిన్ను దూర్చాడు. లాకులు పెదాల మధ్య పెట్టుకోలేదు, అరచేతిలో పట్టుకున్నాడు. రెండూ గాడిలో కూర్చున్నాయో లేదో గోటితో తిప్పి తిప్పి చూశాడు. రింగులకు నూనె రాసి సిలిండరు దించాడు. సాయంత్రానికి బండి బుద్ధిగా స్టార్టయింది.

తనే నడుపుకుంటూ టైలరు ఇంటికి వెళ్ళాడు. ఆమె ఎడం చేత్తో బొత్తాం కుట్టబోయి సూది గుచ్చుకుంటోంది.

"చెల్లెమ్మా, బావ నూనె..."

"సరిగ్గా చెప్పన్నయ్యా. నోట్లో లాకులున్నాయా ఏంటి?"

"లేవమ్మా. ఆ రోజు తీశాను, అదే తప్పు." జేబులోది మిషను బల్ల మీద పెట్టాడు. "ఇది బిగించడం మరిచాను. నీ చెయ్యి విరగ్గొట్టింది నేను. పొద్దున్నే తెలిసింది."

"పోన్లే బావా," అన్నాడు టైలరు.

"పోన్లే ఏంటి? వారం రోజులు నా చేత అన్నేసి మాటలు పడ్డారు!" ఆమె మేస్త్రి వైపు తిరిగింది. "పొద్దున తెలిస్తే ఇప్పుడా అన్నయ్యా చెప్పేది?"

లాకు మరిచినందుకన్నా ఆ మాటకే అతను ఎక్కువ సిగ్గుపడ్డాడు. తాళాలు బల్ల మీద పెట్టి, తలవంచుకుని నడిచి వెళ్ళిపోయాడు.

మర్నాడు షెడ్డు తలుపు తెరుచుకోలేదు. నిద్రలోనే పోయాడన్నారు. ఉతికిన ఖాకీ చొక్కా తీగ మీద ఆరుతోంది. జేబు బయటికి తిరగేసి ఉంది.

చేతికట్టు విప్పాక వెళ్ళి అతనికి ఒక మంచిమాట చెప్పి రావాలనుకుంది ఆమె. ఇప్పుడు చెయ్యి బాగానే ఆడుతోంది. బొత్తాల డబ్బాలో తడుముతుంటే అప్పుడప్పుడూ ఆ తీగ లాకు వేలికి తగులుతుంది, దాన్ని మళ్ళీ డబ్బాలోనే వేస్తుంది.