పన్నులు అదనం

వీధిలో అందరూ ఆవిడని కోట్లక్క అంటారు. కోట్లున్న అక్క అనుకునేరు, కాదు. కోట్లు కుట్టే అక్క. కొత్తవాళ్ళెవరైనా ఆ పేరు విని ఎగాదిగా చూస్తే, "అవును, కోట్ల మధ్యే కూర్చుంటాను. ఒక్కటీ నాది కాదు" అని తనే ముందు నవ్వేసేది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అదే గది. ముందు సగం కొట్టు, వెనక సగం ఇల్లు, మధ్యలో ఒక తెర. కొట్టు వైపు కుట్టు మిషను, కత్తిరించే బల్ల, గోడకి చేతులు లేని సగం కోట్లు. ఇంటి వైపు మంచం, పొయ్యి, ఒక్క మనిషికి సరిపడా గిన్నెలు. ఎవరైనా పెళ్ళి ఊసెత్తితే "కొలతలు కుదరలేదు" అనేది. అంతకుమించి ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ కుట్టులో ఒక పట్టింపు ఉంది. ఏ బట్ట కుట్టినా పక్క కుట్టులో, నడుము దగ్గర, కాలి మడతలో రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ లోపల వదిలేది. ఆ కొట్లో దాని పేరు అదనం. మనిషి ఒళ్ళు ఎప్పుడూ ఒక్కలా ఉండదు కదా! ఏడాది తిరిగేసరికి పొట్ట వస్తుంది, పిల్లలు పొడుగవుతారు. అప్పుడు కుట్టు విప్పి ఆ అదనం వదిలితే పాత బట్టే మళ్ళీ సరిపోతుంది. పక్క వీధి టైలర్లు ఆ గుడ్డ కత్తిరించి దాచుకుంటారని తెలిస్తే ఆవిడకి ఒళ్ళు మండిపోయేది. "గుడ్డ ఎవడిది? తెచ్చినవాడిది. మిగిలితే వాడికే లోపల పెట్టి కుట్టాలి. లోపలి నుంచి తీస్తే తెలీదు కదా అని తీసేస్తారా? ఛీ, ఏం బతుకులు!" అనేది. చెప్పడమే కాదు, అలాగే బతికింది. అదనం అన్న ఆ చిన్న మాటే ఆవిడ కొంప ముంచుతుందని ఎవరనుకున్నారు?

అరవై నిండుతున్న ఏడాది చివర్లో కళ్ళు మొరాయించాయి. నల్ల గుడ్డ మీద నల్ల దారం కనపడటం మానేసింది. కళ్ళ డాక్టరు దీపం వేసి చూసి, లోపలి పొర అరిగిపోతోందన్నాడు. ఆపరేషనుకి లొంగే జబ్బు కాదన్నాడు.

"ఇంకో ఏడాదిన్నర కుట్టగలరు. ఆ తర్వాత సూది పని మర్చిపోండి."

"మర్చిపోయి ఏం తినమంటారు?"

డాక్టరు దానికి మందు రాయలేదు. చుక్కల మందు మాత్రం రాసి పంపించాడు.

అయినా కోట్లక్క బెంబేలు పడలేదు. ఎందుకంటే ఆవిడకి పింఛను నిధి ఉంది. పంతొమ్మిదేళ్ళ కిందట మరిది కట్టించాడు. మరిది అంటే చెల్లెలి మొగుడు. నిధి కంపెనీకి ఏజెంటు, వీధిలో సగం మంది చేత పొదుపు చేయించిన మనిషి. అది పాత ఒప్పందం, ఇప్పుడు అలాంటివి ఎక్కడా ఇవ్వటం లేదు. అరవై నిండిన ఏడాది ఆఖరి రోజుకి నిధిలో ఐదు లక్షలుంటే, బతికున్నన్నాళ్ళూ నెలకి నాలుగున్నర వేలు ఇస్తారు. ఒక్క పైసా తగ్గినా, ఉన్నదేదో చేతిలో పెట్టి ఖాతా మూసేస్తారు. గది అద్దె మూడు వేలు. మిగిలిన పదిహేను వందలతో బండి లాగించటం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. అదే మొత్తం ఒకేసారి చేతికొస్తే తొమ్మిది, పదేళ్ళలో కరిగిపోతుంది. ఆవిడ తల్లి తొంభై నాలుగేళ్ళు బతికింది, మేనత్త తొంభై రెండు. "మా వైపు ఆడవాళ్ళు ఓ పట్టాన పోరు. నాకు చావంటే భయం లేదమ్మా, బతకటమంటేనే భయం" అనేది చెల్లెలితో.

ఏడాది మొదట్లోనే మరిది లెక్కకట్టి చెప్పాడు. "ఆఖరి రోజుకి అన్నీ పోను ఐదు లక్షల మీద నూట అరవై ఉంటుంది వదినా. అంచు మీదున్నావు, కానీ దాటేస్తావు."

ఆ అంచు మాట ఆవిడకి నచ్చలేదు. మరీ అంచుకి వేసిన కుట్టు ఎప్పుడో ఒకప్పుడు పిగులుతుంది, అది ఆవిడ రోజూ చూసేదే. అందుకని టీ తాగటం ఒక పూటకి తగ్గించుకుని, పైసా పైసా కూడబెట్టి, ఆఖరి నెలకల్లా ఒక వెయ్యి విడిగా ఉంచింది. దేనికైనా మంచిది, నిధిలో కట్టేద్దామని.

ఆ నెల మొదటి వారంలో మరిది ప్యాంటు కొలతలివ్వడానికి వచ్చాడు. చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. కోట్లక్క టేపు నడుము చుట్టూ తిప్పి, పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకునే మందలించింది.

"రెండంగుళాలు పెరిగావు మరిదిగారూ. మా చెల్లి పెడుతోందా, నువ్వే లాగిస్తున్నావా?"

"అందుకేగా కొత్తది కుట్టమంటున్నా."

"కొత్తదెందుకు? నాలుగేళ్ళ కిందట కుట్టిన నల్ల ప్యాంటు పట్రా. లోపల అదనం ఉంది, వదులుతా. డబ్బు దండగ చేసుకోకు."

"సరే, సరే. అన్నట్టు నీకో ఉత్తరం. అమ్మకం పన్ను పెంచారు కదా, కంపెనీవాళ్ళు అందరికీ పంపుతున్నారు." సంచిలోంచి కాగితం తీసి, ఒక చెయ్యి ఇంకా పైకే ఉంచి, గడగడా చదివేశాడు. "నిర్వహణ రుసుములో ఎలాంటి మార్పు లేదు. పన్నులు అదనం."

టేపు ఆగింది. "అదనం ఉందా?"

"ఉంది. ఇదివరకు వందకి ఐదు. ఇప్పుడు పదమూడు చేశారు."

"పెంచారా! లోపలేనా?"

"లోపలే. నువ్వు విడిగా ఏమీ కట్టక్కర్లేదు. అంతా నిధి లోపలే జరిగిపోతుంది."

"పోనీలే, ఇన్నాళ్ళకి చల్లని మాట చెప్పావు. అయితే ఆ వెయ్యి అక్కర్లేదన్నమాట."

"ఏ వెయ్యి?" అన్నాడు మరిది. అంతలో ఫోను మోగింది. రోజుకి అరవై మందికి ఆ ఉత్తరం చదువుతున్నాడు పాపం, చదివేది తన చెవికే ఎక్కటం మానేసింది. అందరి లెక్కలూ మళ్ళీ వేసి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. ఫోనులో మాట్లాడుతూనే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కోట్లక్క మనసు కుదుటపడింది. పన్నుల తాలూకు ఏదో మిగిలింది, కంపెనీవాళ్ళు దాన్ని తన కోసం లోపల పెట్టి కుట్టారు. ఆవిడకి అర్థమైంది అదీ. నవ్వుతారా? నవ్వండి. అంత చిన్న కొట్టుకి అమ్మకం పన్ను ఉండదు, ఆవిడ ఒక్కనాడూ బిల్లు రాసిన పాపాన పోలేదు. ఆ ఉత్తరంలో ఆవిడకి తెలిసిన మాట ఒక్కటే ఉంది. దాని అర్థం నలభై ఏళ్ళుగా ఆవిడ వేళ్ళకి తెలుసు.

ఆ వెయ్యితో భూతద్దం బిగించిన దీపం కొన్నది. బస్సు డ్రైవర్ల కోట్లు ఇరవై నాలుగు చేతిలో ఉన్నాయి, అన్నీ నల్లవే, ఏడాది ఆఖరికి ఇచ్చేయాలి. బస్సు కంపెనీ మేనేజరు వచ్చి, "లోపలి గుడ్డ కత్తిరించి పారెయ్యక్కా, త్వరగా అయిపోతుంది" అన్నాడు. "నీ కోటు వరకూ పారేస్తాలే" అంది. దీపం కింద తల వంచుకుని ఇరవై నాలుగూ పూర్తి చేసింది. ఇవే ఆఖరి నల్ల కోట్లు అనుకుంది. ఒకరోజు చెల్లెలొచ్చి, "ఇంక నీ కళ్ళకి సెలవిచ్చెయ్యక్కా" అంటే, "ఇచ్చేస్తున్నా. జీతంతో కూడిన సెలవు" అంది. ఆ నెలంతా ఆవిడ నిజంగా సంతోషంగా ఉంది.

కొత్త ఏడాది రెండో వారంలో ఇంకో ఉత్తరం వచ్చింది. ఆ దీపం కిందే పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. నాలుగు లక్షల తొంభై తొమ్మిది వేల మూడు వందల అరవై. అర్హత పరిమితిని చేరనందున ఖాతా మూసివేయబడినది. ఇంకోసారి చదివింది. అదనం కలపటం మర్చిపోయారేమో అని తనకి తనే ధైర్యం చెప్పుకుంది.

మర్నాడు కొట్టు తెరవకుండా నిధి ఆఫీసుకి వెళ్ళింది. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఆ అమ్మాయి కోటుకి భుజం కుట్టు వంకరగా పోయింది. ఇంకో రోజైతే కోట్లక్క ఊరుకునేది కాదు.

"ఇందులో అదనం కలపలేదమ్మా. పన్నులు అదనం అని రాశారుగా, అది కలిపితే ఐదు దాటాలి."

అమ్మాయికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది.

"అదనం అంటే మీకు ఇచ్చేది కాదండీ. మీ దగ్గర తీసుకునేది."

"లోపలే ఉంటుందన్నారే."

"లోపలి నుంచే తీసుకుంటారండీ. ఏడాది ఆఖరి రోజున రుసుము పదివేలు. అది మారలేదు. ఆ రుసుము మీద పన్ను ఇదివరకు ఐదు వందలు, ఇప్పుడు పదమూడు వందలు. అదీ మీ నిధిలోంచే పోయింది."

"నాకు బిల్లు రాలేదే?"

"రాదండీ. ఎవరికీ రాదు."

ఎనిమిది వందలు ఎక్కువ పోయింది. మరిది చెప్పిన నూట అరవై దానికింద కొట్టుకుపోగా, ఆరు వందల నలభై తక్కువైంది. రెండు ప్యాంట్ల కూలి. కోట్లక్క సంచిలోంచి బస్సు కోట్ల కూలి నోట్లు తీసి కౌంటరు మీద పెట్టింది. "ఇదిగో తల్లీ, వెయ్యి. తీసుకో. మిగిలింది నాకు వద్దు."

"తేదీ దాటిపోయిందండీ. తీసుకోదు."

"ఎవరు తీసుకోదు?"

"కంప్యూటరు."

"దానికి చెప్పమ్మా, నేను పోయిన నెలలోనే కడదామనుకున్నానని. డబ్బు చేతిలోనే ఉందని చెప్పు."

వెనక వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. నోట్లు మళ్ళీ సంచిలో పెట్టుకోవడానికి కోట్లక్కకి చాలాసేపు పట్టింది.

బయట మెట్ల మీద నిలబడితే ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలి? పన్ను పెంచినవాళ్ళు ఈవిడ మొహం ఎరగరు. రుసుము మార్చలేదన్న కంపెనీ మాట నిజమే. మరిది చదివిందీ నిజమే. ఒక్కరు కూడా అబద్ధం ఆడకుండానే ఆవిడ ముసలితనాన్ని నిలువునా ముంచేశారు. చివరికి ఆ కోపం తన మీదే మిగిలింది, దీపం కొన్నందుకు.

వారం పోయాక మరిది వచ్చాడు. చంకలో నల్ల ప్యాంటు ఉంది. చెల్లెలు ఇంట్లో గట్టిగానే తలంటినట్టుంది, గుమ్మం దాటడానికి కాళ్ళు రాలేదు.

"నేను చదివాను కదా వదినా, పన్నులు అదనం అని."

"చదివావు."

"ఆ వెయ్యి సంగతి నాకు తెలీదు. తెలిస్తే ఆ క్షణమే కట్టించేవాణ్ణి."

"ఏ వెయ్యి అని అడిగావుగా. జవాబు వినకుండా పోయావు."

మరిది బల్ల మీద కూలబడ్డాడు. "ఆ వచ్చిన మొత్తం ఇంకోదాంట్లో పెడదాం. నెలకి సగమైనా వస్తుంది, రెండు వేల చిల్లర" అన్నాడు.

"అద్దెకే చాలదు. సర్లే, దానికి రుసుము ఉందా?"

"ఉంటుంది."

"పన్నులు?"

మరిది చంకలోని ప్యాంటు మడత సరిచేసుకున్నాడు.

కోట్లక్క చెయ్యి చాపి ప్యాంటు తీసుకుంది. దీపం వేసి, ప్యాంటు తిరగేసి, నడుము వెనక కుట్టుని వేళ్ళతో వెతికి పట్టుకుంది. ఒక్కో పోగూ బ్లేడుతో తెంపింది. కుట్టు విచ్చుకుంది. బయట గుడ్డ నాలుగేళ్ళ ఉతుకులకి వెలిసిపోయింది కానీ, లోపల మడిచిన గుడ్డ కొన్న రోజు ఎలా ఉందో అలాగే నల్లగా నిగనిగలాడుతోంది.

"నాకు సరిగ్గా ఆనటం లేదు. నువ్వు చూసి చెప్పు. ఎంతుంది?"

"రెండు వేళ్ళు."

"నాలుగేళ్ళలో ఎవరైనా తీసుకున్నారా?"

"లేదు వదినా."

"అదనం అంటే ఇది." ఆవిడ ఆ మడత మీద వేలు పెట్టింది. "నీ గుడ్డ. నీకే ఉంచాను. నాకు తెలిసిన అదనం ఇదొక్కటే."

మరిది మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆవిడ సూది అందుకుంది. భూతద్దం కింద మూడుసార్లు ప్రయత్నించింది. నల్ల దారం మూడుసార్లూ సూది పక్కనుంచే పోయింది. చివరికి సూదీ దారమూ రెండూ మరిది ముందుకి తోసింది. అతను దారం కొస నోట తడిపాడు. ఎలాగో ఎక్కించి ఇచ్చాడు. ఆవిడ నడుము వదులు చేసి, వేళ్ళ గుర్తుతోనే కుట్టి, ముడి వేసి, పళ్ళతో దారం తెంపింది.

"నూట యాభై. ఒక్క పైసా ఎక్కువ ఇచ్చావో, మొహాన కొడతా."

డబ్బు బల్ల మీద పెట్టి, మరిది గుమ్మం దగ్గర ఆగాడు. "రేపట్నుంచి రోజూ పొద్దున్నే వచ్చి సూదుల్లో దారం ఎక్కించి వెళ్తా వదినా."

"ఎన్నాళ్ళొస్తావు?"

"నువ్వు కుట్టినన్నాళ్ళూ."

"అది ఏడాదిన్నర. తర్వాత మా అమ్మ వయసు దాకా ఇంకో ముప్ఫై రెండేళ్ళుంది" అని కోట్లక్క కరెంటు దండగెందుకని దీపం ఆర్పేసింది.