జేబులు చూశాకే ఉతకాలి

లాండ్రీ అమ్మకు మతిమరుపు ముదురుతోందని అనుమానం వచ్చింది ఆమె కూతురికి. పోయిన నెల ఎవరిదో కోటు చెయ్యి మీద ఇస్త్రీపెట్టె పెట్టి మరిచిపోయిందట. కోటు సొంతదారు నవ్వి ఊరుకున్నాడు గానీ పక్కకొట్టు పూలావిడ ఊరుకోలేదు. సాయంత్రానికల్లా కూతురికి ఫోను చేసి, "మీ అమ్మ ఒక్కతే ఆ ఆవిరి బాయిలరు ముందు నిలబడుతోంది, చూసుకో తల్లీ" అంది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం కాదు కూతురు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి, కామాను కూడా ఊరికే నమ్మదు. అయినా భయం భయమే. ఆసుపత్రిలో పరీక్ష చేయించి, బాగాలేదంటే కొట్టుకు తాళం వేయించి, తల్లిని తన ఇంటికి తెచ్చేసుకోవాలనుకుంది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంది తల్లి. "కోటు కాలినవాడికి లేని బాధ నీకూ ఆ పూలావిడకీ దేనికి?"

అంటూనే ఆసుపత్రికి వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కొట్టు అది. తాళం పడితే ఇక కూతురింట్లో కిటికీ పక్కన కూర్చుని వీధి చూడటమే పని. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఆసుపత్రి వరండాలో ఒక ఫారం ఇచ్చారు. కూతురే నింపింది. 'వృత్తి' అన్న గడి దగ్గర కలం కాస్త ఆగింది. 'వ్యాపారం' అని రాసి, ఇది అబద్ధమేం కాదు కదా అనుకుని కాగితం ఇచ్చేసింది.

పరీక్ష చేసే అమ్మాయి కళ్ళద్దాలు పెట్టుకున్న బక్కపిల్ల. తేదీ అడిగింది, ఇంటి చిరునామా అడిగింది, వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమంది. లాండ్రీ అమ్మ ఎక్కడా తడబడలేదు. కూతురు అప్పుడే కాస్త ఊపిరి పీల్చుకుంది.

"ఇప్పుడు నేనొక మాట చెప్తానండీ. వినగానే మీకు ఏం తడితే అది చెప్పెయ్యండి, ఆలోచించకూడదు" అంది కళ్ళద్దాల పిల్ల. ఆమె ముందున్న కాగితంలో ఒక్కో మాట పక్కన జనం మామూలుగా చెప్పే జవాబులు అచ్చేసి ఉన్నాయి. వాటిలో లేనిది చెబితే పెన్సిలుతో సున్నా చుట్టాలి. తలకిందులుగా ఉన్న అక్షరాలు చదవడం ప్రూఫులు దిద్దేవాళ్ళకు కూటివిద్య. కూతురు ఎదురుగా కూర్చునే మొత్తం చదివేస్తోంది.

"ఎరుపు."

"ఉప్పు."

కాగితంలో రక్తం ఉంది, మిరపకాయ ఉంది, గులాబీ ఉంది. ఉప్పు లేదు. సున్నా పడింది.

"తెలుపు."

"విడిగా."

"పిల్లి."

"వెంట్రుకలు."

"సముద్రం."

"ఇసుక. ఎంత దులిపినా పోదు."

"డాక్టరు."

"కాలరు మురికి" అంది లాండ్రీ అమ్మ. ఆపైన గొంతు తగ్గించి, "చేతులు మాత్రం శుభ్రంగానే ఉంటాయిలే అమ్మా" అంది.

కళ్ళద్దాల పిల్ల నవ్వలేదు. ఐదు మాటలకు నాలుగు సున్నాలు, ఇసుక ఒక్కటే అచ్చులో ఉంది. అమ్మ చెప్పేవన్నీ కొట్టులో మాటలని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఎర్రబట్ట రంగు దిగకుండా మొదటి ఉతుకులో ఉప్పు వేస్తారు. తెల్లవి విడిగా నానబెడతారు. ఈ ముక్క ఆ పిల్లకు చెప్పాలి. చెబితే, వ్యాపారమని ఎందుకు రాశారని అడుగుతుంది. అంత చిన్న ప్రశ్నకు భయపడి, ఇంత పెద్ద మనిషి నోరు మూసుకుని కూర్చుంది.

"చావు."

"బొత్తాం" అంది తల్లి. "పోయినవాళ్ళకి వెయ్యడానికి మంచి కోటు ఇస్త్రీకి తెస్తారమ్మా. ఎప్పుడు చూసినా ఒక బొత్తాం ఊడే ఉంటుంది. వాళ్ళకి చెప్పను. నేనే కుట్టి ఇచ్చేస్తా."

పెన్సిలు సున్నా చుట్టబోయి సగంలో ఆగింది. కళ్ళద్దాల పిల్ల కాగితంలోకి చూసి తరువాతి మాట చదివింది.

"కూతురు."

"జేబు."

ఈసారి కూతురికే అర్థం కాలేదు. "జేబేమిటమ్మా?" అంది, ఉండబట్టలేక.

"జేబులు చూడకుండా ఏదీ నీళ్ళలో వెయ్యను కదా. నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పుడు నీ యూనిఫాం జేబులో కాగితం దొరికింది. 'మా అమ్మ నర్సు. రోజూ తెల్ల కోటు వేసుకుంటుంది' అని రాశావు. దస్తూరి ముత్యాల్లా ఉంది. తీసి పక్కన పెట్టి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేశాక మళ్ళీ అదే జేబులో పెట్టేశా. బళ్ళో ఇవ్వకపోతే మార్కులు పోతాయి కదా."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఎవరిదో చీటీ ఎవరికో అప్పజెప్పినంత మామూలుగా చెప్పింది.

కూతురికి తల కొట్టేసినట్టయింది. ఇంటి నిండా వేలాడే తెల్ల కోట్లు నర్సులవే, ఉతకడానికి వచ్చినవి. లాండ్రీ అనగానే పిల్లలు ముక్కు మూసుకుని 'మురికిబట్టలు' అంటారని భయపడి, ఆ కోట్లను తల్లికి తొడిగేసింది. మర్నాడు కాగితం జేబులోనే ఉంది, ముడత లేకుండా, పొడిగా. ఉతికిన యూనిఫాంలో కాగితం ఎలా తడవలేదో ఇన్నేళ్ళలో ఒక్కసారి అనుకోలేదు. ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ పట్టే కళ్ళకు అది ఆనలేదు.

"ఆ ఫారం ఒకసారి ఇస్తారా?" అంది కళ్ళద్దాల పిల్లతో. 'వ్యాపారం' కొట్టేసి పైన 'లాండ్రీ' అని రాసింది. "బట్టలు ఉతికి ఇస్త్రీ చేస్తుంది మా అమ్మ. ముప్ఫై ఎనిమిదేళ్ళ నుంచి. నేనే తప్పు రాశానండీ" అంది.

కళ్ళద్దాల పిల్ల ఫారం చూసింది, తన కాగితం చూసింది, లాండ్రీ అమ్మ వేళ్ళ కొసలు చూసింది. "ఉప్పు" అని పైకే అనుకుంటూ రబ్బరు అందుకుని ఒక్కో సున్నా తుడుస్తూ పోయింది. లోపలికెళ్ళి డాక్టరుతో మాట్లాడి వచ్చి, "మతిమరుపు లేదండీ. కాకపోతే వేడెక్కగానే దానంతటదే ఆగే ఇస్త్రీపెట్టె కొనుక్కోండి" అంది. ఆమె వెనకే తలుపు దాకా వచ్చిన డాక్టరు, కాలరు సంగతి విన్నాడో ఏమో, తన కోటు కాలరు తడిమి చూసుకున్నాడు.

వరండాలో కూతురు ఏదో అనబోయింది. ముప్ఫై ఏళ్ళ కిందటి మాట, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. "అమ్మా, ఆ రోజు నువ్వు…" అంది.

"బస్సొస్తుంది, పద" అంది తల్లి.

బయట చలిగాలికి కూతురు కోటు తొడుక్కుంటుంటే తల్లి దాన్ని వెనక నుంచి పట్టుకుంది. అలవాటు కొద్దీ కుడిచెయ్యి కూతురి జేబులోకి పోయి, అడుగు దాకా తడిమి, బయటికి వచ్చింది.

"ఈసారి ఏమీ లేదులే" అంది.