ఆదిలక్ష్మి భోజనం

పిల్లలకు రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు నజ్నీన్ వారానికోసారి ఏలూరు నుంచి బస్సులో ఆకివీడు దగ్గరి ఒక బడికి వచ్చేది. అక్కడ రెండో తరగతి చదివే దేవికకు పుట్టుకతోనే చేతివేళ్లు బిగుసుకుపోయి ఉండేవి. రోజూ మధ్యాహ్నం తల్లి ఆదిలక్ష్మి చేపల చెరువు పని మధ్యలో పరుగున వచ్చి, కూతురికి అన్నం తినిపించి వెళ్లేది.

ఆ రోజు నజ్నీన్ ఒక చెంచా కాడకు గుడ్డ లావుగా చుట్టి దేవిక చేతికిచ్చింది. మొదట తీసిన అన్నమంతా గౌను మీద పడింది. ఆదిలక్ష్మి చటుక్కున చెయ్యి చాచింది.

"కాసేపు ఆగండమ్మా," అంది నజ్నీన్.

"ఆకలిమీదుందండీ. చూస్తా ఎలా కూచోనండీ?"

"కష్టమేనండీ. అయినా కూర్చోండి."

ఇంకా కొంత ఒలికింది. చివరికి దేవిక తల బాగా వంచి చెంచాను నోటిదాకా తెచ్చుకుంది. నమిలి మింగి, మళ్లీ పప్పన్నంలో చెంచా గుచ్చింది. ఆదిలక్ష్మి చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

"మీరు తిన్నారా?" అని అడిగింది నజ్నీన్.

"ఈ వేళకి ఎప్పుడూ తిన్లేదండీ. దీనికి పెట్టి పరిగెత్తడమే."

బడి వంటావిడ ఆ మాట విని ఇంకో కంచంలో అన్నం వడ్డించుకొచ్చింది. తల్లీకూతుళ్లు పక్కపక్కన కూర్చుని తిన్నారు. ఆదిలక్ష్మి కంచం ముందే ఖాళీ అయింది. అయినా లేవకుండా, దేవిక తినడం అయ్యేదాకా ఎదురుచూసింది.