సాయంత్రం తీసిన ఫొటో

గల్ఫ్‌లో, రోలా బజారులో నాది ఫొటో స్టూడియో. ఇళ్ళల్లో పనిచేసే సత్యకుమారి వీసా ఫొటోను, కళ్ళు సగం మూసుకుపోయాయని వీసా దరఖాస్తులు నింపే టైపింగ్ సెంటర్ వాళ్ళు రెండోసారి కూడా తిప్పి పంపారు. నాకు ఒళ్ళు మండింది. పదహారేళ్ళలో అంతకుముందు నా ఫొటో ఒక్కటీ వెనక్కి రాలేదు.

"నిలబడి నిద్రపోతున్నావా ఏంటమ్మా?"

"లేదండీ. పొద్దున్న బానే ఉంటాయి, సాయంత్రానికి రెప్పలు లెగవు. చేతులూ అంతే. చిన్నప్పట్నుంచీ ఇంతేనండి. మా తమ్ముడికీ ఇంతే. ఊళ్ళో మమ్మల్ని నిద్రమొహాలంటారు."

మర్నాడు పొద్దున్నే రప్పించి తీశాను. కళ్ళు చక్కగా తెరుచుకున్నాయి. పొద్దుటి ఫొటో, సాయంత్రం ఫొటో పక్కపక్కన ప్రింటు తీసి, "ఈ రెండూ డాక్టరుకి చూపించు," అని కసిరాను.

డాక్టరు వాటిని చాలాసేపు చూసి, తమ్ముడి సంగతి అడిగి, జన్యు పరీక్ష చేయించాడట. నరం పంపే కబురు కండకు సరిగా అందని జబ్బు, పుట్టుకతో వచ్చింది. ఆమెకున్న రకానికి మాత్రలు పనిచేస్తాయి.

నిన్న సాయంత్రం పని ముగించుకుని వచ్చి, "ఇప్పుడు తియ్యండి అన్నయ్యగారూ," అంది.

"వీసా వచ్చేసిందిగా, ఇంకెందుకు?"

"తమ్ముడికి పంపాలండి. మనవి నిద్రమొహాలు కాదంటే ఆడు నమ్మట్లేదు."