కొబ్బరినీళ్లు పడ్డ బ్యాటరీలు

గంగరాజు సెమిలిగుడ జంక్షన్‌లో బస్సు దిగి, పక్కకి జరిగే ఓపిక కూడా లేక, లారీవాడు హారన్ కొట్టేదాకా అక్కడే నిలబడ్డాడు. చేతిసంచిలో డ్రిల్లు మిషను బ్యాటరీ ఉంది. నిన్న గోదాం కప్పు మీద రేకులో స్క్రూ సగం దిగాక మిషను ఆగిపోయింది. ఛార్జరులో పెడితే ఎర్రలైటు మిణుకుమంది, అంతే.

వైరు మిషనైతే గోడ ప్లగ్గులో గుచ్చితే చాలు. కప్పు మీద వైరెక్కడిది? అందుకే బ్యాటరీ మిషన్లొచ్చాయి. వచ్చినప్పుడు పని సులువవుతుందన్నారు. అయింది, కంట్రాక్టరుకి. ఎవడి మిషను వాడే తెచ్చుకోవాలి, ఎవడి బ్యాటరీ వాడే చూసుకోవాలి. అది చచ్చిందంటే ఫిట్టరు కాస్తా కూలీ అయిపోతాడు. సూపర్‌వైజరు సోమేశ్వరరావు ఆ మాటే చెప్పాడు, కోపం కూడా లేకుండా. సోమవారం పొద్దుటికి బ్యాటరీ బతికితే కప్పు మీద పని, లేకపోతే కింద రేకులు మొయ్యడం. గంగరాజుకి యాభై దాటాయి. మోకాళ్లు అరిగిపోయాయి. రేకులు మోస్తే నెల తిరక్కుండా ఇంటికి పోవాల్సిందే. అది సోమేశ్వరరావుకీ తెలుసు.

పద్మకుమారి కొట్టు టైర్ల షాపు వెనక ఉంది. పాత బ్యాటరీలు విప్పి, చచ్చిన సెల్లులు తీసి కొత్తవి అతికించడం ఆమె పని. గంగరాజు తెచ్చినదాని మరలు విప్పి, మూత తీసి, లోపలికి చూసింది. సర్క్యూట్ పలక మీద ఎర్రగా, పసుప్పచ్చగా అట్ట కట్టి ఉంది.

"ఏటి మావయ్యా, దీనికి బొట్టెట్టీసేరా?"

అప్పుడు గుర్తొచ్చింది గంగరాజుకి, విశ్వకర్మ పూజ. తాతల నాటి పద్ధతే. సుత్తులు, పానాలు, రంపాలు కడిగి, పసుపు రాసి, కుంకం పెట్టి, వాటి మీదుగా కొబ్బరికాయ కొట్టడం. సుత్తి మీద నీళ్లు పడితే ఏమవుతుంది, తుడిస్తే పోతుంది. ఈసారి సుత్తుల పక్కన బ్యాటరీ మిషన్లు కూడా పేర్చారు, బ్యాటరీలు ఊడదియ్యకుండానే. రాయగడ నుంచి కంట్రాక్టరు స్వయంగా కారులో వచ్చి కాయ కొట్టాడు. ఆ నీళ్లు తన మిషను మీద పడాలని గంగరాజు దాన్ని వరస ముందుకి జరిపాడు కూడా. పడ్డాయి. అదృష్టమన్నారు అందరూ. తోటి ఫిట్టరు సన్యాసయ్య, తన మిషను మీద చుక్కలే పడ్డాయని ఆ రోజంతా మొహం ముడుచుకున్నాడు.

అదంతా విని పద్మకుమారి మీటరు పెట్టి చూసింది. కొబ్బరినీళ్లు పలకని తినేశాయనీ, ఆ పలక ఒక వరస సెల్లుల్ని పీల్చేసిందనీ చెప్పింది. మిగిలిన సెల్లులు కూడా ఎందుకూ పనికిరావు. ఎండలో కాగిన బ్యాటరీని కాగినట్టే ఛార్జింగులో పెడితే ఎన్నాళ్లు బతుకుతుంది? పెట్టక ఏం చేస్తారు, పని ఆగకూడదని సోమేశ్వరరావు కేకేస్తూ ఉంటే.

మంచి బ్యాటరీ ఒకటి దీనికి కలిపి, ఒక షాక్ ఇచ్చి లేపెయ్యమన్నాడు గంగరాజు. సైటులో అందరూ అలాగే చేస్తారు. పద్మకుమారి గోడ మీదున్న నల్లటి మసి మచ్చ చూపించింది. అలా లేపిన బ్యాటరీయే అక్కడ అంటుకుంది.

"పచ్చలైటు ఎలిగితే సాలమ్మి. సూపర్‌వైజరు సూసీది లైటే."

"లైటు ఆయన సూస్తాడు మావయ్యా. మంట నీ ఒళ్లో పడతాది."

కొత్త సెల్లులు ఆమె దగ్గర ఒక్క బ్యాటరీకే సరిపడా ఉన్నాయి. మళ్లీ విశాఖపట్నం నుంచి రావాలి. పలక మార్చి, వాటిని గంగరాజుదాంట్లో బిగిస్తూ, మరి మిగిలినవాళ్లవో అని అడిగింది. చుక్కలు పడ్డవి కూడా లోపల తింటూనే ఉంటాయంది. ఇప్పుడే విప్పి, స్పిరిట్‌తో బ్రష్షు కొట్టి ఆరబెడితే దక్కొచ్చు. లేకపోతే ఒకదాని తర్వాత ఒకటి పోతాయి.

గంగరాజు బల్ల మీద కూలబడ్డాడు. నోరు మూసుకుంటే సరి. సన్యాసయ్యదీ, ఇంకో ఫిట్టరు బాలుదీ బ్యాటరీలు చస్తాయి, తనొక్కడే ఫిట్టరుగా మిగులుతాడు. రాయగడలో మొదలయ్యే షెడ్డు పని కూడా తనకే. ఆ ఆలోచన తియ్యగానే ఉంది. కాసేపు దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరించాడు. తర్వాత కప్పంతా తనొక్కడే బిగిస్తున్నట్టు కళ్లకి కట్టింది. ఈ బ్యాటరీ కూడా ఏదో ఒక రోజు చస్తుంది, ఆ రోజు పక్కన ఎవడూ ఉండడు. ఫోన్ తీసి, ఉన్న బ్యాటరీలన్నీ పట్టుకుని రమ్మని సన్యాసయ్యకి చెప్పాడు.

"మాయి నడస్తన్నాయి కదేటి బావా. నీది సచ్చిందని మాయి కూడా సంపీస్తావేటి?"

"నడిసినన్నాళ్లే. పూజ నాటి కాయనీళ్లు లోపల్లోపల తినేస్తన్నాయి."

"అయితే నా మీద సుక్కలే పడ్డం మంచిదయింది."

సాయంత్రం బస్సుకి సన్యాసయ్య బాలుతో కలిసి వచ్చాడు. బ్యాటరీలన్నీ పద్మకుమారి విప్పి, కడిగి ఆరబెట్టడంతో ఆదివారం కప్పు మీద పని ఆగిపోయింది. సైటు ఖాళీ చేయించింది ఎవడని సోమేశ్వరరావు ఫోన్లో అడిగాడు. తనేనన్నాడు గంగరాజు. కాయ కొట్టిందెవరని కూడా అడుగుదామనుకున్నాడు గాని, అవతల ఫోన్ పెట్టేశారు.

సోమవారం పొద్దున్న సోమేశ్వరరావు బ్యాటరీల వైపు చూడనే లేదు. మిషను కింద పెట్టి రేకుల దగ్గరికి పొమ్మన్నాడు గంగరాజుని. కొత్త సెల్లులు వేయించానని చెప్పాలనిపించింది, చెప్పే ఓపిక రాలేదు. వెళ్లి రేకు అంచు పట్టుకుని వంగాడు. మోకాలు కలుక్కుమంది. ఇంతలో బాలు వచ్చి ఆ రేకుల మీదే చతికిలబడ్డాడు. వాడి పక్కన సన్యాసయ్య కూడా.

మీరు కప్పెక్కరేమని అడిగాడు సోమేశ్వరరావు.

"బ్యాటరీలు ఇంకా తడారనేదు సారూ," అన్నాడు సన్యాసయ్య. అవి రాత్రికే ఆరిపోయాయి. "తడి మీద పెడితే మంటొస్తాదంట."

"ఎప్పుడారతాయి?"

"గంగరాజు పైకెక్కేక ఆరతాయి."

ఎవరూ నవ్వలేదు. సోమేశ్వరరావు కప్పు వైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు, కంట్రాక్టరుకి ఏం చెప్పాలో ఆలోచించాడు. ఎండెక్కాక అందర్నీ పైకి పొమ్మని చెయ్యి ఊపాడు. అందరికీ పూట కూలి కోశాడు. బ్యాటరీలు కంట్రాక్టరే ఇవ్వాలన్న మాట ఆ రోజు ఎవరూ అనలేదు. అనాల్సింది. రాయగడ షెడ్డు దగ్గర మళ్లీ ఇదే గొడవ వస్తుందని అందరికీ తెలుసు.

గంగరాజు నిచ్చెన పట్టుకున్నాడు. మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కాడు. కింద నిచ్చెన కదలకుండా బాలు కాలు అడ్డం పెట్టి నిలబడ్డాడు.